ఆసుపత్రి మంచం మీద వన్స్‌మోర్

ఆ సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు తెర మీదికి నా పేరొక్కటే విడిగా వస్తుంది. వెనకాల ఎర్రటి మిరపకాయల కుప్ప, ముందు బంగారు రంగు అక్షరాలు, 'జీవిత విశేషాల సలహా' అనే ముక్క కింద నేను. ఎందుకో తెలీదు గాని వీణ కూడా మోగుతుంది. అద్దంకి దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నవాణ్ణి, నా పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా చూసుకుని ఎరగను. తీరా అంత పెద్దగా చూసుకున్న రోజున, పేరు మార్చుకోవాలంటే ఎక్కడ దరఖాస్తు పెట్టాలో ఇంటికెళ్ళి కనుక్కున్నాను.

అప్పుడే నవ్వకండి. నవ్వాల్సింది ముందు చాలా ఉంది.

ఆ సినిమా ఎవరి జీవితమంటే, మా వైపు అందరూ పద్యాలాయన అని పిలుచుకున్న నాటకాల నటుడిది. అటు పెదకాకాని నుంచి ఇటు వినుకొండ దాకా పౌరాణిక నాటకం ఎక్కడ వేసినా రాజు వేషం ఆయనదే. కొన్నాళ్ళు సినిమాల్లోకీ వెళ్ళారు. నాలుగైదు సినిమాల్లో హీరోకి తండ్రిగా దగ్గి దగ్గి చచ్చిపోయారు. "వీళ్ళు పద్యం సగంలో కట్ అంటారయ్యా, సగం పద్యం పాడి అన్నం ఎలా తింటాను?" అని తిరిగి వచ్చేశారు. ఆయన క్యాసెట్ పెట్టని మిర్చి లారీ ఉండేది కాదు. మిరపకాయల కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు ఆయన రాగం తీసినంతసేపూ చేతులు ఆపేసేవాళ్ళు, మేస్త్రీ కూడా ఏమీ అనేవాడు కాదు, ఎందుకంటే వాడూ వింటూ ఉండేవాడు.

ఆయన భార్యని నేను పిన్నిగారూ అంటాను. చుట్టరికం లేదు, మా అమ్మకి స్నేహితురాలు. ఆవిడ ఆయనకి ఇంట్లోనూ భార్యే, స్టేజి మీదా భార్యే. ఆయన రాజైతే ఈవిడ రాణి. ముప్పై ఏళ్ళపాటు వారానికి రెండుసార్లు మొగుడి శవం మీద పడి ఏడ్చి, తెల్లారి అదే మొగుడికి కాఫీ పెట్టిచ్చిన మనిషి.

ఇక్కడ మీకు వన్స్‌మోర్ సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే నేను చేసిన ఘనకార్యం అర్థం కాదు. నాటకం చివర్లో రాజు యుద్ధంలో కూలిపోతాడు. కూలిపోతూ ఒక పద్యం పాడతాడు, ప్రాణం వదులుతాడు. జనం ఊరుకుంటారా? "వన్స్‌మోర్!" అని కేక. చచ్చిపోయిన రాజు లేచి కూర్చుంటాడు. కిరీటం సర్దుకుంటాడు, హార్మోనియం వాయించే ఆయన వైపు ఒక్కసారి చూస్తాడు, శ్రుతి అందుకుంటాడు, పద్యం మళ్ళీ మొదటినుంచి పాడతాడు, మళ్ళీ చస్తాడు. మళ్ళీ "వన్స్‌మోర్!" మళ్ళీ లేస్తాడు. మా పద్యాలాయన ఒక్క ఆటలో అయిదుసార్లు చచ్చిపోవడం నేను కళ్ళారా చూశాను. అందులో వింతేమీ మాకెవరికీ కనపడేది కాదు. అడిగితే లేవడం నటుడి మర్యాద, అంతే.

మరి దీనికి అంతెక్కడ? అంతు పిన్నిగారి చేతిలో ఉండేది. రాణి వేషంలో శవం పక్కన కూర్చుని, ఆవిడ అరచెయ్యి ఆయన గుండె మీద ఆనించేవారు. చూసేవాళ్ళకి అది దుఃఖం. అసలు సంగతి, ఆయన ఆయాసం ఎంత ఉందో చూసుకోవడం. ఇంకొక్కసారి పాడగలడనుకుంటే ఊరుకునేవారు. ఇక వద్దు అనిపిస్తే ఏడుపు రాగం అందుకునేవారు. ఆవిడ ఏడుపు అందుకుందంటే ఇంక వన్స్‌మోర్ అడగకూడదు. అది కట్టు. ఎంత తాగి వచ్చినవాడైనా ఆ కట్టు దాటేవాడు కాదు, దాటితే పక్కవాళ్ళే, "ఒరేయ్, ఆవిడ ఏడుస్తోంది కనపట్టల్లా, కూచో!" అని చొక్కా పట్టుకుని లాగేవాళ్ళు.

పద్యాలాయన నిజంగా పోయింది గుంటూరు ఆసుపత్రిలో. నేనూ ఆ వరండాలోనే ఉన్నాను. పిన్నిగారు ఆ రోజు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. గోడకి ఆనుకుని నిలబడి, వచ్చినవాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కరివే చూస్తూ ఉండిపోయారు. దినాలు అయ్యేదాకా అలాగే. "ముప్పై ఏళ్ళు ఉత్తుత్తి శవం మీద ఏడ్చింది, అసలు శవం మీద ఏడవడానికి మాత్రం నీళ్ళు రాలేదు" అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. గట్టి మనిషి అని నేను సరిపెట్టుకున్నాను.

తర్వాత అయిదేళ్ళకి గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆసామికి ఆయన జీవితం సినిమాగా తియ్యాలని బుద్ధి పుట్టింది. అభిమానం ఉండే ఉంటుంది, కాదనను. దాంతోపాటు హీరో అవుదామనుకునే కొడుకు కూడా ఉన్నాడు. పద్యాలాయన మీద నేను ఒక సావనీరులో వ్యాసం రాశానని తెలిసి, కుర్ర డైరెక్టరు ఒకాయన నోట్‌బుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేనే ఆయన్ని పెదకాకాని తీసుకెళ్ళాను. పిన్నిగారు అడిగినవన్నీ చెప్పారు, ఫోటోలు ఇచ్చారు, పాత క్యాసెట్లు ఇచ్చారు, పెట్టెలోంచి తీసి అద్దాల కిరీటం కూడా ఇచ్చారు. ఇచ్చేటప్పుడు డైరెక్టరు వైపు చూడలేదు, నా వైపే చూశారు.

"ఆయన్ని మాత్రం నవ్వులపాలు చెయ్యకండి నాయనా."

"నాదీ పూచీ పిన్నిగారూ" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను. అప్పుడు నా వాలకం నేనే చూసి ఉంటే నాలుగు తగిలించుకుని ఉండేవాణ్ణి.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో డైరెక్టరు అడిగాడు. "సార్, క్లైమాక్స్‌లో ఒళ్ళు జలదరించాలి సార్. ఆయన లైఫ్‌లో అలాంటిది ఏమన్నా ఉందా?"

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? వన్స్‌మోర్ సంగతంతా ఊరించి ఊరించి చెప్పాను. ఆయన రాయడం ఆపేశాడు.

"చచ్చిపోయాక లేస్తారా సార్?"

"లేస్తారు."

"జనం అడిగితే?"

"అడిగితేనే."

"సార్, మీరు దేవుడు సార్" అని కదిలే కార్లోనే వంగి నా కాళ్ళు పట్టుకున్నాడు. సినిమావాళ్ళు కాళ్ళు పట్టుకుంటే భయపడాలని నాకెవరూ చెప్పలేదు.

సినిమా విడుదలైన రోజు మొదటి ఆటకి మా స్కూలు స్టాఫంతా కలిసి అద్దంకిలో సినిమాకి వెళ్ళాం. నా పేరు పడగానే చప్పట్లు కొట్టారు. లెక్కల మాస్టారు ఈల కూడా వేశాడు. ఆ తర్వాత రెండున్నర గంటలు మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు? పదహారేళ్ళ పద్యాలాయనగా కూడా ఆ కోల్డ్ స్టోరేజీ కుర్రాడే వేశాడు. మీసం తీసేశాడు గాని చేతి మీద ఇంగ్లీషు పచ్చబొట్టు అలాగే ఉంది. ముసలాయనగా అయ్యేసరికి జుట్టుకి పౌడరు కొట్టారు, తల తిప్పినప్పుడల్లా భుజాల మీద రాలుతుంది. పత్తిచేలో పాట ఉంది. షూటింగ్ నాటికి చేలో పత్తి లేదట, మందుల షాపులో దొరికే దూది చుట్టలు కొనుక్కొచ్చి మొక్కలకి అంటించారు. హీరోయిన్ ఒక దూది పువ్వు కోస్తే, దాంతోపాటు గజం పొడుగు దూది సాగుతూ వచ్చింది, నీలం కాగితంతో సహా. అది అలాగే ఉంచేశారు.

ఇక మిర్చి యార్డులో ఫైటు. పద్యాలాయన జన్మలో ఎవరినీ కొట్టలేదు. సినిమాలో మాత్రం తల మీద అద్దాల కిరీటంతో ఇరవై మంది రౌడీల్ని ఎండుమిరపకాయల కుప్పల్లోకి గిరాటేశాడు. తెరంతా ఎర్రటి దుమ్ము. ఒక్కడు కూడా తుమ్మలేదు. గుంటూరు మిర్చిలో నిలువునా మునిగి లేచి, కళ్ళు తుడుచుకోకుండా డైలాగు చెప్పారండీ రౌడీలు! హాల్లో మా పక్క వరసలో ఒక రైతు లేచి నిలబడి, "ఏ ఊరి కాయరా అది?" అని అరిచి బయటికెళ్ళిపోయాడు.

అప్పటికీ నేను తట్టుకున్నాను. క్లైమాక్స్ వచ్చింది.

ఆసుపత్రి గది. మంచం మీద పద్యాలాయన. పక్కన గుండె కొట్టుకోవడం చూపించే మిషను. పచ్చగీత సాపుగా అయిపోయి 'టీఁ...' అని మోగింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ముఖం మీదికి తెల్లదుప్పటి లాగారు. బయట వేలమంది అభిమానులు. వాళ్ళలోంచి ఒకడు ఆకాశం వైపు చెయ్యెత్తి, "వన్స్‌మోర్!" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది.

మిషను మీద గీత ఎగిరింది. దుప్పటి లేచింది. పద్యాలాయన ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టం తీసి అవతల పారేసి, సెలైన్ సూది ఉన్న చేతినే గాల్లో తిప్పుతూ పద్యం ఎత్తుకున్నాడు. నర్సు ఎక్కణ్ణుంచి తెచ్చిందో హార్మోనియం పెట్టె ముందు పెట్టుకుని కూర్చుంది. డాక్టరు తాళం వేశాడు. పద్యం పూర్తికాగానే అందరికీ నమస్కారం పెట్టి, దుప్పటి తనే కప్పుకుని పడుకున్నాడు. టీఁ.

ఒక్క మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. సినిమాలో పద్యాలన్నీ ఆయన గొంతే. పిన్నిగారిచ్చిన క్యాసెట్లలోంచి అలాగే తీసి పెట్టారు, వెనకాల గరగరతో సహా. ఆ పచ్చబొట్టు కుర్రాడి నోట్లోంచి ఆయన గొంతు వస్తుంటే నాకు మరీ తల కొట్టేసినట్టయింది.

సినిమా నాలుగు రోజులు ఆడింది. పత్రికలవాళ్ళు చీల్చి చెండాడారు. నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మళ్ళీ బడికి వెళ్ళిన రోజున స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు గంభీరంగా నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మాస్టారూ, రేపెప్పుడన్నా నేను పోతే మీరు మాత్రం చూడ్డానికి రాకండి. మీరొచ్చారంటే నేను లేవాలి."

పిన్నిగారు అప్పుడే మోకాలి ఆపరేషనయి మంచం మీద ఉన్నారు. ఫోన్ చేసి అడిగితే, "బాగానే ఆడింది పిన్నిగారూ, పరీక్షల సీజనని తీసేశారంతే" అని పచ్చి అబద్ధం చెప్పాను. ఆ తర్వాత ఆవిడకి ముఖం చూపించలేకపోయాను. మూడేళ్ళపాటు, విజయవాడ వెళ్ళే బస్సు పెదకాకాని దాటేదాకా తల వంచుకుని సెల్‌ఫోను చూసుకునేవాణ్ణి. ఆవిడ ఏదో బస్టాపులో నిలబడి కిటికీలోంచి నన్ను పట్టేస్తారని కాదు. ఆ ఊరికే నేను మాటిచ్చి తప్పినట్టుండేది.

అలా మరుగున పడిపోయిన సినిమా కాస్తా మళ్ళీ లేచింది. ఎవడో పుణ్యాత్ముడు ఆసుపత్రి సీను ముక్క కోసి ఫోన్లలో వదిలాడు. మా స్కూలు గ్రూపులో కరెంటు పోయి వస్తే ఆ దుప్పటి లేచే బొమ్మ. పరీక్ష తప్పినవాడికి ఆ బొమ్మ. పెళ్ళి చెడిపోయి ఇంకో సంబంధం వచ్చినవాడికీ అదే బొమ్మ. చూస్తుండగానే గుంటూరులో ఒక పాత సినిమా హాలువాళ్ళు ప్రతి ఆదివారం ఉదయం ఆట ఆ సినిమా వెయ్యడం మొదలుపెట్టారు. టిక్కెట్లు దొరకడం లేదని చెప్పింది కూడా లెక్కల మాస్టారే. మూడుసార్లు వెళ్ళొచ్చాడట, సిగ్గులేని మనిషి.

"ఆసుపత్రి సీను దగ్గర హాలంతా లేచి వన్స్‌మోర్ అంటారు మాస్టారూ. ఆపరేటరు మళ్ళీ వెనక్కి తిప్పి వేస్తాడు. మీ పేరు పడ్డప్పుడు కూడా వీరాభిమానులు కొంతమంది..."

"చాలు, ఆపు" అన్నాను.

సరిగ్గా ఆ వారమే పిన్నిగారి ఫోన్.

"ఏమయ్యా మాస్టారూ, బతికే ఉన్నావా?"

"ఉన్నాను పిన్నిగారూ."

"ఆయన సినిమా గుంటూర్లో మళ్ళీ ఆడుతోందంట గదా! మాకు పాలు పోసే ఆవిడ రెండుసార్లు చూసిందంట. పిల్లలంతా లేచి నిలబడి వన్స్‌మోర్ కొడుతున్నారంట గదయ్యా! నాకొక్క మాట చెప్పలేదే నువ్వు?"

ఆ గొంతు నిండా సంతోషం. ఆవిడ దాన్ని పూజ అనుకుంటున్నారు. అది ఎలాంటి వన్స్‌మోరో చెప్పే ధైర్యం నాకు లేదు.

"హాల్లో మెట్లు ఎక్కువ పిన్నిగారూ, మీ మోకాళ్ళు..."

"మోకాళ్ళు నావా నీవా?"

"ఏసీ పనిచెయ్యదంట. ఉక్కగా..."

"పెట్రోమాక్స్ లైట్ల కింద పట్టుచీర, మెడనిండా నగలు వేసుకుని తెల్లార్లూ ఆడినదాన్ని. నాకు ఉక్క గురించి చెబుతున్నావా? ఆదివారం నువ్వొచ్చి తీసుకెళ్తావా, నన్నే బస్సెక్కమంటావా?"

ఆఖరి ప్రయత్నంగా సినిమా హాలు మేనేజరుకి ఫోన్ చేశాను. ఈ ఒక్క ఆదివారానికి ఆసుపత్రి సీను ఎగరగొట్టి వెయ్యమని బతిమాలాను. "ఆ సీను తీసేస్తే కుర్చీలు పీకుతారండీ. ఇంతకీ మీరెవరు?" అన్నాడు. పేరు చెప్పాను. అంతే, "సార్, మీతో ఒక సెల్ఫీ దిగొచ్చా సార్?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఆదివారం పొద్దున్నే పెదకాకాని వెళ్ళేసరికి పిన్నిగారు మంగళగిరి జరీచీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని గుమ్మంలోనే ఉన్నారు. ఆటోలో దారిపొడుగునా నేను చెబుదామనుకున్నాను, పిన్నిగారూ, అది మీరనుకునే వన్స్‌మోర్ కాదు అని. నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆటో గుంటూరు చేరింది.

హాలు ముందు తిరనాళ్ళలాగా ఉంది. కాలేజీ పిల్లలు తలలకి పౌడరు కొట్టుకుని వచ్చారు. అట్టముక్కల కిరీటాలు పెట్టుకున్నారు. యార్డులో బస్తాలు మోసేవాళ్ళు పది మంది ఒక బ్యాచ్. నర్సింగ్ చదివే అమ్మాయిలు ఏకంగా రెండు వరసలు. పిన్నిగారు అన్నీ చూస్తూ, "ఎంత అభిమానమయ్యా!" అన్నారు. నేను నేల చూశాను.

నా పేరు పడింది. హాలంతా ఒక్క గొంతుతో, "గురువు గారికీ... జై!" అంది. పిన్నిగారు నా వైపు తిరిగి మెచ్చుకోలుగా తలాడించారు. భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

పత్తిచేను పాటకి నాలుగు వైపుల నుంచీ దూది ఎగిరింది. ఒక పెద్ద చుట్ట వచ్చి పిన్నిగారి ఒళ్ళో పడితే, ఆవిడ దాన్ని విప్పి చూసి, "ఇదేంటయ్యా, ఆసుపత్రి దూది చేలో కాయించారా?" అని పకపకా నవ్వారు. మిర్చి ఫైటు మొదలవగానే, రౌడీ కుప్పలో పడ్డప్పుడల్లా హాలు హాలంతా "హాఛ్!" అని తుమ్మింది. ఇరవై మంది రౌడీలకి ఇరవై తుమ్ములు, లెక్క తప్పకుండా. నాలుగో తుమ్ము నుంచి పిన్నిగారు కూడా కలిశారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నవ్వి నవ్వి.

"కిరీటం పెట్టుకుని ఫైటేంటయ్యా! ఆయన జన్మలో ఒకర్ని కొట్టింది లేదు, నా చేత తిన్నదే గాని."

నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. అయినా అసలుది ముందుంది. దూది మీదా ఫైటు మీదా అయితే ఆవిడా నవ్వగలరు. ఆయన చావు మీద హాలంతా నవ్వితే? ఆసుపత్రి గది తెర మీదికి రాగానే నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"పిన్నిగారూ, బయటికెళ్ళి సోడా తాగొద్దాం పదండి."

"కూర్చోవయ్యా, చివర్లో సోడా ఏంటి?"

పచ్చగీత సాపు అయింది. నర్సింగ్ అమ్మాయిలు రెండు వరసలూ కలిసి, "టీఁ..." అని సన్నగా అందుకున్నారు. తెల్లదుప్పటి కప్పారు. హాలంతా లేచి నిలబడింది. పౌడరు తలలు, అట్ట కిరీటాలు, బస్తాల వాళ్ళ భుజాలు. అందరూ కలిసి పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

"వన్స్‌మోర్!"

దుప్పటి లేచింది. ఆయన గొంతు, ఆ గరగరతో సహా, హాలంతా నిండింది. నేను ముఖం చేతుల్లో పెట్టుకున్నాను. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"పిన్నిగారూ, నన్ను క్షమించండి. ఈ సీను నా మూలానే. వన్స్‌మోర్ సంగతి డైరెక్టరుకి చెప్పింది నేనే. వాడు దాన్ని తీసుకొచ్చి ఆసుపత్రిలో పెట్టాడు. నవ్వులపాలు చెయ్యనని మాటిచ్చి, నేనే చేశాను."

ఆవిడ నవ్వడం లేదు. కోపంగానూ లేరు. తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా, నాకొక్కడికే వినపడేలా అన్నారు.

"ఆ రోజు ఆసుపత్రి వరండాలో నేను ఏడవలేదు, గుర్తుందా నీకు?"

"గుర్తుంది."

"నేను ఏడుపు అందుకుంటే ఇంక ఎవరూ అడగకూడదు గదయ్యా. పిచ్చిదాన్ని, ఎవరన్నా అడుగుతారేమోనని ఆగాను. వచ్చినవాళ్ళ ముఖాలన్నీ చూశాను. అంతమంది వచ్చారు. ఒక్కళ్ళు అడగలేదు. నువ్వూ అడగలేదు."

ఆ వరండాలో నేను ఫ్రీజరు పెట్టె గురించి ఫోన్లు చేసుకుంటూ తిరిగాను.

పద్యం అయిపోయింది. దుప్పటి కప్పుకున్నాడు. టీఁ. హాలు మళ్ళీ లేచింది. ఈసారి నా పక్కనుంచి, సన్నగా, వణుకుతూ, పిన్నిగారి గొంతు కూడా లేచింది.

"వన్స్‌మోర్!"

ఆపరేటరు వెనక్కి తిప్పాడు. ఆయన లేచారు. రెండోసారి పాడారు, పడుకున్నారు. మూడోసారి అడిగారు, లేచారు. అప్పుడు చూశాను, పిన్నిగారు ముందు సీటు వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. తెర మీద ఉన్న పచ్చబొట్టు కుర్రాణ్ణి ఆవిడ చూడటం లేదు. కళ్ళు మూసుకుని క్యాసెట్‌లో గొంతునే వింటున్నారు. పద్యం చివరి రాగం దగ్గర, గరగర వెనకాల, ఆయన ఊపిరి ఒక్కసారి బరువుగా పీల్చుకోవడం నాకూ వినపడింది.

"ఆయాసం వస్తోంది ఆయనకి" అన్నారు.

దుప్పటి కప్పుకున్నాడు. టీఁ. పిల్లలు నాలుగోసారి అడగడానికి చేతులెత్తారు.

పిన్నిగారు ఏడుపు రాగం అందుకున్నారు.

మైకు లేని రోజుల్లో ఆఖరి వరసదాకా వెళ్ళిన గొంతు అది. ముసలితనం వచ్చినా దారి మర్చిపోలేదు. ముందు వరసలవాళ్ళు ఇదీ ఆటలో భాగమేననుకుని నవ్వబోయి, వెనక్కి తిరిగి చూశారు. జరీచీర కట్టుకున్న పెద్దావిడ నిలబడి, సీటు పట్టుకుని, నిజంగా ఏడుస్తోంది. నర్సింగ్ అమ్మాయిలు టీఁ ఆపేశారు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఒక కుర్రాడు తల మీది అట్ట కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను లేచి ఆవిడ పక్కన నిలబడ్డాను. ఎనిమిదేళ్ళ ఏడుపు, ఆవిడ పూర్తిగా ఏడ్చేదాకా నిలబడ్డాను.

ఆ పిల్లల్లో ఒక్కరికీ మా నాటకాల కట్టు తెలీదు. అయినా ఇంకెవరూ అడగలేదు.